నూట డెబ్భై తెడ్లు, ఒకటే ఊపు

ఈసారి పాఠం పడవల గురించి. మోటారు పడవలు కాదు, పెద్ద పెద్ద తెరచాప ఓడలూ కాదు. ఇంజిన్ బదులు మనుషుల్ని కూర్చోబెట్టి, తెడ్లు వేయించి, ఎదుటి ఓడని ఢీకొట్టిన పాతకాలపు యుద్ధనౌకలు. చదివేది మెకానికల్ అయినా దీని జోలికి ఎందుకు వెళ్ళానో ముందు చెప్పేస్తాను. లేకపోతే ఇది వికీపీడియా నుంచి దించిన వ్యాసం అనుకుంటారు.

మాది దుమ్ముగూడెం వైపు, గోదారి ఒడ్డున ఒక చిన్న ఊరు. ఇంటి ముందు నది, ఇంటి వెనక అడవి. 2022 జూలైలో వచ్చిన వరద మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. భద్రాచలం దగ్గర 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఆ ఏడు నీళ్ళు 71.3 అడుగుల దాకా వచ్చాయి. మా పెద్దోళ్ళు కథలు కథలుగా చెప్పే 1986 వరద (75.6 అడుగులు) తర్వాత అంత నీళ్ళు మళ్ళీ అప్పుడే చూశాం.

ఊరంతా మిట్ట మీదికి వెళ్ళిపోయింది. మా పెద్దమ్మ, అమ్మమ్మ మాత్రం కదల్లేదు. "ఎనభయ్యారులోనే ఈ మెట్టు దాటలేదు, ఇప్పుడేం దాటుద్ది" అని కూర్చున్నారు. సాయంత్రానికి మెట్టు దాటింది. మా మావయ్య తన నాటు పడవ తీశాడు. వెనక చుక్కాని తెడ్డు పట్టి ఆయన, ముందు నలుగురం. నేను అప్పుడు ఇంటర్ సెకండియర్. జిమ్‌కి కొత్తగా వెళ్తున్న రోజులు. నా బలం చూపిద్దామని అందరికన్నా గట్టిగా లాగాను. నా తెడ్డు ముందున్నాయన తెడ్డుకి తగిలింది. పడవ ముక్కు పక్కకి తిరిగింది. పక్క నుంచి ప్రవాహం కొట్టి రెండు బిందెల నీళ్ళు లోపలికి వచ్చాయి.

మావయ్య అరిచిన మాట ఇప్పటికీ చెవుల్లోనే ఉంది. "నీ బలం నాకొద్దురా! నీ లెక్క కావాలి నాకు!"

ఆ తర్వాత ఆయన "హైలెస్సా" అని మొదలుపెట్టాడు. మేం నలుగురం ఆ మాటకే లాగాం, ఆ మాటకే ఎత్తాం. పెద్దమ్మనీ అమ్మమ్మనీ తీసుకుని వచ్చేసరికి చీకటి పడింది.

ఇంజనీరింగ్‌లో చేరాక ఒకరోజు ఫోన్‌లో "ట్రైరీమ్" అనే గ్రీకు నౌక బొమ్మ చూశాను. ఒక్కో పక్క మూడు వరసల తెడ్లు, మొత్తం 170. నాలుగు తెడ్లకే మేం అంత గందరగోళపడితే, 170 మంది ఎట్లా లాగారు? సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు ఆ బొమ్మ మావయ్యకి చూపించాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసి, ఒకటి తర్వాత ఒకటి ప్రశ్నలు వేశాడు. వాటికి జవాబులు వెతుక్కుంటూ పోతే వచ్చినదే ఈ పాఠం.

మొదటి ప్రశ్న: "ఇన్ని తెడ్లు ఒకదానికొకటి తగలవా?"

ట్రైరీమ్ పొడవు సుమారు 37 మీటర్లు, వెడల్పు సుమారు ఐదున్నర మీటర్లు. మన కాలేజీ బస్సులు మూడు వరసగా నిలబెడితే అంత పొడవు. పై వరసలో 62 మంది, నడిమి వరసలో 54, అడుగు వరసలో 54. ఒక మనిషికి ఒకటే తెడ్డు. తెడ్ల పొడవు దాదాపు అన్నిటిదీ ఒకటే, నాలుగు మీటర్లకి కాస్త అటూ ఇటూ. కూర్చునే ఎత్తు, జరిగి కూర్చునే తీరు మాత్రం వేరు. ఒకరి తల మీద ఇంకొకరు కాకుండా కొంచెం ముందుకీ బయటికీ జరిపి అమర్చారు. ఒకే పక్క ముందూ వెనకా కూర్చున్న ఇద్దరి మధ్య దూరం మీటరు కూడా లేదు. అంటే ఒక్కడు అర సెకను ఆలస్యం చేసినా వాడి తెడ్డు పక్కవాడి తెడ్డుని కొడుతుంది, అది ఇంకొకదాన్ని కొడుతుంది.

పైగా వాళ్ళంతా వెనక్కి తిరిగి కూర్చుంటారు. పోయే దిక్కు కనపడేది చుక్కాని పట్టినవాడికీ పైన నిలబడ్డవాళ్ళకీ మాత్రమే. అడుగు వరసవాళ్ళకి తమ తెడ్డు నీళ్ళలో ఎక్కడ పడుతుందో కూడా కనపడదు. వాళ్ళ రంధ్రాలు నీటి మట్టానికి అర మీటరు పైన కూడా లేవు. నీళ్ళు రాకుండా తెడ్డు చుట్టూ తోలు తొడుగు కట్టేవారు.

అందుకే ప్రతి ఓడలో లెక్క చెప్పే మనిషి ఒకడు, అతనికి తోడుగా పిల్లనగ్రోవి లాంటి వాయిద్యం ఊదేవాడు ఒకడు ఉండేవారు. మా పడవలో "హైలెస్సా" చేసిన పనే అక్కడ ఆ ఊదే గొట్టం చేసింది. ఇది చెప్పగానే మావయ్య "మరి అదే కదా!" అన్నాడు, గ్రీకులు ఆయన దగ్గరే నేర్చుకున్నట్టు.

రోమన్ల సంగతి ఇంకా బాగుంటుంది. క్రీ.పూ. 3వ శతాబ్దంలో కార్తేజ్‌తో యుద్ధం వచ్చేనాటికి వాళ్ళకి చెప్పుకోదగ్గ నౌకాదళం లేదు. ఒడ్డుకి చిక్కిన ఒక శత్రు ఓడని నమూనాగా పెట్టుకుని కొత్తవి కట్టడం మొదలుపెట్టారు. ఓడలు తయారయ్యే లోపు తెడ్డువాళ్ళు కూడా తయారవ్వాలి కదా. నేల మీదే బల్లలు వేసి, వరసలు వరసలుగా కూర్చోబెట్టి, మధ్యలో లెక్క చెప్పేవాణ్ణి నిలబెట్టి సాధన చేయించారని పాలిబియస్ అనే చరిత్రకారుడు రాశాడు. నీళ్ళు లేవు, ఓడ లేదు. ముందు నేర్పింది లెక్క.

రెండో ప్రశ్న: "ఇంత మందితో ఎంత స్పీడు పోద్ది?"

ఇక్కడ మన సబ్జెక్టు పనికొచ్చింది. గంటల తరబడి తెడ్డు వేసే మనిషి నుంచి సుమారు 100 వాట్లు వస్తాయనుకుందాం. 170 మందికి 17 కిలోవాట్లు. హార్స్‌పవర్‌లో చెప్తే 23 దాకా. మన పార్కింగ్‌లో ఉన్న ఒక బుల్లెట్ బండి ఇంజిన్ ఇచ్చేది 20 హార్స్‌పవర్. అంటే ఒక బుల్లెట్ బండి కన్నా కాస్త ఎక్కువ శక్తితో ఒక ఓడ, దాని మీద 200 మంది.

నీళ్ళలో పడవకి కావాల్సిన శక్తి సుమారుగా వేగం ఘనానికి అనులోమంగా పెరుగుతుంది. వేగం రెట్టింపు కావాలంటే శక్తి ఎనిమిది రెట్లు కావాలి. దీన్నే తిరగేసి చూడండి: సగం మందిని పడుకోబెట్టి సగం మందితోనే లాగిస్తే వేగం సగానికి పడిపోదు, దాదాపు 80 శాతం ఉంటుంది. దూర ప్రయాణాల్లో వంతులు వేసుకుని లాగడంలో ఉన్న లాభం ఇదే. ఘనమూలాలు తెలియకపోయినా, దీన్ని ఆ తెడ్డువాళ్ళు ఒళ్ళు నొప్పులతో కనిపెట్టి ఉంటారు.

1987లో గ్రీసులో "ఒలింపియాస్" అనే పేరుతో ఒక ట్రైరీమ్‌ని మళ్ళీ కట్టారు. వాలంటీర్లు తెడ్లు వేశారు. కాసేపు ప్రాణం పెట్టి లాగితే 9 నాట్ల దాకా, అంటే గంటకి దాదాపు 17 కిలోమీటర్ల దాకా వెళ్ళింది.

ఇంతేనా అనిపిస్తుంది. కానీ ఓడ బరువు మనుషులతో కలిపి 45 టన్నులు అనుకుని గతిజశక్తి లెక్క వేయండి. సుమారు 480 కిలోజౌళ్ళు వస్తుంది. టన్ను బరువున్న కారు గంటకి 110 కిలోమీటర్ల వేగంతో గుద్దినంత. ఆ దెబ్బంతా ఓడ ముక్కుకి తొడిగిన కంచు కొమ్ము మీదుగా ఎదుటి ఓడ పక్కటెముకల్లోకి దిగుతుంది. అలాంటి కొమ్ము ఒకటి 1980లో ఇజ్రాయెల్ తీరంలో అత్లిత్ దగ్గర సముద్రంలో దొరికింది. ఒక్క కంచే 465 కిలోలు.

గుద్దడం ఒక్కటే చాలదు. గుద్దిన వెంటనే వెనక్కి తెడ్లు వేసి బయటపడాలి. లేకపోతే రెండు ఓడలూ చిక్కుకుని, అవతలి సైనికులు మన మీదికి దూకుతారు. అందుకే మంచి దళాలు ముక్కుకి ముక్కు కొట్టుకోవు. రెండు ఓడల సందులోంచి దూరి, అవతల గిర్రున తిరిగి, పక్క మీదో వెనక మీదో కొడతాయి. యుద్ధానికి ముందు తెరచాప స్తంభాల్ని వీలైతే ఒడ్డునే వదిలేసేవారు. గాలి ఎటు వీస్తుందో నమ్మలేం, మనుషుల్ని నమ్మొచ్చు అని లెక్క.

క్రీ.పూ. 480లో సలామిస్ దగ్గర పర్షియన్ల దళం గ్రీకు దళం కన్నా చాలా పెద్దది. ఏథెన్స్ నాయకుడు థెమిస్టొక్లీస్ వాళ్ళని ఇరుకు జలసంధిలోకి రప్పించాడు. మనకైతే పాపికొండల మధ్య గోదారి సన్నబడే చోటు ఊహించుకోండి. వెడల్పు రేవులో తిరగాల్సిన పడవలన్నీ అక్కడికి ఒక్కసారి వస్తే ఏమవుతుంది? ముందున్నవి తిరగలేవు, వెనకున్నవి ఆగవు. ఎక్కువ ఓడలు ఉండడమే పర్షియన్లకి శాపమైంది.

మూడో ప్రశ్న: "మరి నీళ్ళో?"

ఇది నాకు తట్టని ప్రశ్న. వరద రోజు రెండు గంటలు లాగేసరికి మా నలుగురికీ నోరు పిడచకట్టింది. చుట్టూ నీళ్ళే, తాగడానికి చుక్క లేదు. మావయ్యకి అది గుర్తుంది.

ఒలింపియాస్ పరీక్షల్లో తేలిందేమిటంటే, ఎండలో తెడ్డు వేసే మనిషికి గంటకి సుమారు లీటరు నీళ్ళు కావాలి. 170 మందికి పది గంటలకి 1,700 లీటర్లు, అంటే 1.7 టన్నులు. ట్రైరీమ్‌లో అంత సరుకు పెట్టే చోటు లేదు. వంట చేసుకునే చోటు లేదు, పడుకునే చోటూ లేదు. కాబట్టి అది పొద్దున్నా సాయంత్రం ఎక్కడో ఒక ఒడ్డుకి చేరాల్సిందే. పైగా చెక్క నీళ్ళు పీల్చి బరువెక్కుతుంది కాబట్టి ఓడని ఒడ్డుకి లాగి ఆరబెట్టాలి కూడా.

దీన్నిబట్టి ఆ నౌకాదళాల పని ఏమిటో అర్థమవుతుంది. అవి నెలల తరబడి సముద్రం నడిబొడ్డున కాపలా కాయలేవు. ఒడ్డు వెంటే తిరుగుతాయి. నీళ్ళు దొరికే రేవు ఎవరి చేతిలో ఉంటే సముద్రం వాళ్ళది. ఏథెన్స్ దీవుల మీద పట్టు కోసం అంత పాకులాడడానికి అదొక కారణం. తిండిగింజలు తెచ్చే సరుకు ఓడల్ని కాపాడడం, సైన్యాన్ని దించడం, కబురు మోయడం కూడా వీటి పనే.

కబురు అంటే ఒక సంగతి చెప్పాలి. క్రీ.పూ. 428లో మితిలీన్ అనే ఊరు తిరగబడింది. అక్కడి మగవాళ్ళందరినీ చంపాలని ఏథెన్స్ సభ తీర్మానించి ఒక ట్రైరీమ్‌లో ఆజ్ఞ పంపింది. మర్నాడు మనసు మార్చుకుని రెండో ఓడని పంపింది. మొదటి ఓడ అప్పటికే దాదాపు ఒక పగలూ రాత్రీ ముందుంది. దూరం సుమారు 340 కిలోమీటర్లు, భద్రాచలం నుంచి హైదరాబాద్ కన్నా ఎక్కువే. రెండో ఓడవాళ్ళు తెడ్లు ఆపకుండానే ద్రాక్షసారా, నూనె కలిపిన బార్లీ పిండి తిన్నారు. వంతులవారీగా నిద్రపోయారు. మొదటి ఓడవాళ్ళు చేసే పని నచ్చక నెమ్మదిగానే వెళ్ళారట. అక్కడి సేనాని ఆజ్ఞ చదివి అమలు చేయబోతుండగా రెండో ఓడ ఒడ్డు చేరింది. ఊరు బతికింది. నేను చదివిన తెడ్ల కథలన్నిటిలోకీ నాకు నచ్చిన గెలుపు ఇదే. ఇందులో ఎవరూ ఎవర్నీ గుద్దలేదు.

నాలుగో ప్రశ్న: "కూలి ఇచ్చారా, వెట్టికి చేయించుకున్నారా?"

తెడ్ల ఓడ అనగానే మనకి "బెన్‌హర్" సినిమా గుర్తొస్తుంది. గొలుసులు, కొరడాలు, డప్పు. నేనూ అట్లాగే అనుకున్నాను. కానీ ఆ గొలుసుల బతుకు మధ్యధరా సముద్రంలో బాగా వ్యాపించింది దాదాపు రెండు వేల ఏళ్ళ తర్వాత, 16, 17 శతాబ్దాల్లో. ఏథెన్స్ ఓడల్లో ఎక్కువమంది స్వేచ్ఛగా ఉన్న పేదలు, జీతానికి వచ్చిన బయటి ఊళ్ళవాళ్ళు. యజమానులతో పాటు లాగిన బానిసలూ ఉన్నారు. క్రీ.పూ. 415లో సిసిలీ మీదికి బయల్దేరినప్పుడు ఒక్కొక్కరికి రోజుకి ఒక ద్రాక్మా ఇచ్చారు. ఆ కాలంలో గుడి కట్టే పనిమంతుడి కూలీ సుమారుగా అంతే. అన్ని రోజులూ అంత దక్కలేదు. కొన్నేళ్ళు అందులో సగమే.

అసలు ఆ ఓడలు ఎక్కడివి? క్రీ.పూ. 483 ప్రాంతంలో లౌరియన్ గనుల్లో వెండి బాగా పడింది. దాన్ని తలా కాస్త పంచుకుందామన్నారు జనం. వద్దు, ఓడలు కడదామన్నాడు థెమిస్టొక్లీస్. అట్లా కట్టిన ఓడలు నడపడానికి గుర్రం, కవచం కొనుక్కోలేని వాళ్ళు వేలమంది కావాల్సి వచ్చింది. ఊరిని కాపాడింది వాళ్ళయ్యాక, ఊరి సభలో వాళ్ళ మాట వద్దనడం కుదరలేదు. ప్రజాస్వామ్యం అస్సలు నచ్చని ఒక ఏథెన్స్ రచయిత కూడా, ఓడల్ని నడిపేది పేదలే కాబట్టి వాళ్ళకి అధికారంలో వాటా న్యాయమేనని ఒప్పుకున్నాడు.

క్రీ.పూ. 406లో అర్గినూసె దగ్గర ఏథెన్స్ గెలిచింది. మనుషులు సరిపోక ఆసారి బానిసల్ని కూడా ఎక్కించారు, తర్వాత వాళ్ళకి స్వేచ్ఛ ఇచ్చారు. కానీ పగిలిన ఓడల మీద వేలాడుతున్న తమ నావికుల్ని తుఫాను వల్ల ఎవరూ తీసుకురాలేకపోయారు. ఆ తప్పుకి గెలిచిన సేనానుల్లోనే ఆరుగురికి మరణశిక్ష వేసింది సభ. ఆ విచారణ న్యాయంగా జరగలేదని అప్పుడే అన్నవాళ్ళున్నారు. అయినా నీళ్ళలో వదిలేసిన వాళ్ళ గురించి ఒక ఊరు అంతగా ఊగిపోయిందంటే, వాళ్ళు ఎవరి పిల్లలో ఊరికి తెలుసు. 2022 జూలై తర్వాత ఈ సంగతి నాకు ఊరికే చదివి దాటేసే పేరా కాలేదు.

చివరి ప్రశ్న: "మన కాడ ఇట్టాంటివి ఎందుకు లేవు?"

మనకి ఓడలు లేక కాదు. 2వ శతాబ్దం చివర్లో పాలించిన శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీద జంట స్తంభాల ఓడ ఉంది. ఘంటసాల ప్రాకృత శాసనంలో "మహానావిక" అనే బిరుదుతో ఒక మనిషి కనిపిస్తాడు. 1వ శతాబ్దపు గ్రీకు నావికుల పుస్తకం పెరిప్లస్ మన కృష్ణా తీరాన్ని మసాలియా అని, సన్నని నూలు బట్టలు దొరికే చోటు అని చెప్తుంది.

తేడా సముద్రంలో ఉంది. మధ్యధరాలో వేసవిలో గాలి చాలాసార్లు పడిపోతుంది, దీవులు దగ్గర దగ్గరగా ఉంటాయి, దాక్కునే మలుపులు బోలెడు. మన తూర్పు తీరం తెరిచిన తీరం. అలలు నేరుగా ఒడ్డు మీద విరుగుతాయి. ఆరు నెలలు ఇటు, ఆరు నెలలు అటు వీచే రుతుపవనాలు ఉన్నాయి. వారాల తరబడి దరి కనపడని ప్రయాణాలు. అక్కడ 170 మందికి నీళ్ళు మోయడం కన్నా గాలిని నమ్ముకుని సరుకు మోయడమే తెలివి. నీటికి అర మీటరు ఎత్తున రంధ్రాలున్న ఓడని బంగాళాఖాతం ఒక్క పూట కూడా బతకనివ్వదు.

కాబట్టి మన రాజులు సముద్రం మీద పట్టుని వేరే దారిలో వెతుక్కున్నారు. మన ఓరుగల్లు కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనం అందుకు మంచి ఉదాహరణ. తుఫానుకి ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల సరుకుని అంతకు ముందు రాజులు లాగేసుకునేవారు. తాను మాత్రం న్యాయమైన సుంకం తప్ప ఇంకేమీ ముట్టనని రాయి మీద చెక్కించాడు. ఏథెన్స్ కంచు కొమ్ముతో తెచ్చుకున్న వ్యాపారాన్ని ఈయన మాట ఇచ్చి తెచ్చుకున్నాడు.

తెడ్డు మాత్రం మన నదుల్లో బతికింది. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో నావాధ్యక్షుడి అధ్యాయం ఉంది. పెద్ద నదుల మీద తిరిగే పెద్ద నావల్లో ఎవరెవరు ఉండాలో అందులో చెప్పాడు. నాయకుడు, దారి చూపేవాడు, తాళ్ళు పట్టేవాళ్ళు, చివర్లో లోపలికి వచ్చిన నీళ్ళు తోడిపోసేవాళ్ళు. ఆ చివరి మాట విని మావయ్య నవ్వాడు. "ఆ రోజు మనం మర్చిపోయింది వాణ్ణే."

మా దుమ్ముగూడెం దగ్గరే 1860ల్లో ఇంగ్లీషువాళ్ళు కట్టిన ఆనకట్ట ఉంది. పొలాలకి నీళ్ళ కోసం కాదు. గోదారిలో రాళ్ళ అడ్డం దాటించి పైనుంచి పత్తి పడవల్ని దింపుకుందామని. ఆ పథకం మధ్యలోనే ఆగిపోయింది. ఎండాకాలం ఆ రాళ్ళు చూస్తే 37 మీటర్ల ఓడ ఇక్కడ ఎందుకు పుట్టలేదో పాఠం అక్కర్లేదు. ఈ నదికి తగ్గది మావయ్య పడవే.

అన్నీ అయ్యాక ఆయనకి చివరగా ఒక సంగతి చెప్పాను. క్రీ.పూ. 400 ప్రాంతానికి చెందిన ఒక రాతి పలక ఏథెన్స్‌లో దొరికింది. కొన్ని ట్రైరీమ్‌ల మనుషుల పేర్లు దాని మీద ఉన్నాయి. ఓడ నాయకుడు, సైనికులు, చుక్కాని పట్టినవాడు, ఊదేవాడు, తెడ్లు వేసిన పౌరులు, తెడ్లు వేసిన బానిసలు కూడా. వరసగా, ఎవరి పని కింద వాళ్ళ పేరు.

ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. మోటారు కొన్న దగ్గర్నుంచి మావయ్య తెడ్లు పశువుల కొట్టంలో అటక మీద ఉన్నాయి. అటువైపు చూసి అన్నాడు: "పేర్లు ఎందుకులేరా. ఎవరు ఎక్కడ కూసున్నారో రాయి చాలు."

రాస్తున్నాను. ముందు ఎడమ, మావయ్య తోడల్లుడు. ముందు కుడి, మా పక్కింటి తాత, అప్పటికే అరవై దాటాయి. వెనక కుడి, అడవి అవతలి గూడెం నుంచి వరద చూడ్డానికి వచ్చి పడవ ఎక్కేసిన కోయ అన్న. వెనక ఎడమ, నేను. చుక్కాని తెడ్డు దగ్గర, మావయ్య. లెక్క ఆయనదే.